ఆఫర్ లెటర్‌లో కనబడని మెట్లు

జనవరిలో మంచు మీద కాలు జారి నా కుడి చీలమండ విరిగింది. డాక్టరు ఆరు వారాల బూటు తగిలించి, రెండు ఊతకర్రలు చేతికిచ్చి, మూడో వారం నుంచి ఆఫీసుకు వెళ్లొచ్చన్నాడు. వెళ్లాను. రైలు దిగి లిఫ్టు దగ్గరికి చేరేసరికి తలుపులకు అడ్డంగా పసుపు పట్టీ, దాని మీద చేత్తో రాసిన కాగితం. పక్కనే స్ట్రోలర్‌తో ఒక తల్లి. ఇద్దరం ఆ కాగితాన్ని చూశాం, మెట్లను చూశాం, తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్ట్రోలర్‌ను ఎవరో కుర్రాడు ఎత్తిపెట్టాడు. నేను కింది మెట్టు మీద కూర్చుని, వెనక్కి వెనక్కి దేకుతూ పైకెక్కాను. 34 మెట్లు. ఆ స్టేషన్ పేరు వదిలేద్దాం.

నాలుగేళ్లుగా రోజూ అదే దారిలో తిరుగుతున్నా అవి 34 అని నాకు తెలీదు. ఉద్యోగం ఒప్పుకునేటప్పుడు జీతం చూశాను, ఇన్సూరెన్స్ చూశాను, 401-కేలో కంపెనీ ఎంత కలుపుతుందో చూశాను. ఫోన్లో మ్యాపు తీసి ‘42 నిమిషాలు’ అని కనబడితే సరే అనుకున్నాను. ఆ 42 నిమిషాలు రెండు కాళ్లూ బాగున్నవాడి లెక్క. కాలు విరిగినవాళ్లకి, ఏడో నెల నడుస్తున్నవాళ్లకి, మోకాళ్లు అరిగిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని తిరిగేవాళ్లకి ఆ లెక్క పనికిరాదు.

హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని నమ్మరు. 2017 నవంబరులో మొదలైన మన మెట్రోలో స్టేషన్ స్టేషన్‌కీ లిఫ్టులున్నాయి. అమెరికాలో లేకపోవడమేంటి అంటారు. కారణం ఉంది. న్యూయార్క్ సబ్‌వే మొదలైంది 1904లో. వికలాంగుల హక్కుల చట్టం, అంటే ఏడీఏ, వచ్చింది 1990 జులై 26న. పాత రైలు వ్యవస్థలు తమ స్టేషన్లన్నిటినీ మార్చాలని ఆ చట్టం పట్టుబట్టలేదు. ముఖ్యమైనవిగా ఎంచినవాటిని, ఆపైన పెద్ద ఎత్తున తిరగకట్టినవాటిని మారిస్తే చాలంది. అందుకే 472 సబ్‌వే స్టేషన్లలో మెట్లెక్కకుండా వెళ్లగలిగినవి ఇప్పటికీ మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే. కోర్టులో ఏళ్ల తరబడి నడిచిన కేసుల తర్వాత 2022 జూన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. మిగిలిన స్టేషన్లలో 95 శాతాన్ని 2055 లోపు మార్చాలట. అప్పటికి నేను రిటైరై చాలా ఏళ్లవుతుంది. కాబట్టి ఉన్నవాటితోనే దారి వెతుక్కోవాలి.

వెతికేటప్పుడు మ్యాపులో వీల్‌చెయిర్ గుర్తు కనబడగానే నిశ్చింతగా ఉండొద్దు. చాలా స్టేషన్లలో రోడ్డు మీంచి టికెట్ గేట్ల దాకా ఒక లిఫ్టు, అక్కడి నుంచి ప్లాట్‌ఫారానికి ఇంకో లిఫ్టు ఉంటాయి. రెంటిలో ఏది ఆగినా మీ ప్రయాణం ఆగినట్టే. పైగా కొన్ని స్టేషన్లలో లిఫ్టు ఒక దిక్కుకే ఉంటుంది. పెన్ స్టేషన్‌లో దిగి, టైమ్స్ స్క్వేర్‌కి కాస్త పైన 49వ వీధి దగ్గర పనిచేసే మనిషిని తీసుకోండి. పొద్దున హెరాల్డ్ స్క్వేర్‌కి వెళ్లి ఆర్ రైలు గానీ డబ్ల్యూ రైలు గానీ ఎక్కితే 49వ వీధిలో లిఫ్టు దొరుకుతుంది. సాయంత్రం అదే స్టేషన్‌కి వెళితే దొరకదు, ఎందుకంటే డౌన్‌టౌన్ వైపు వెళ్లే ప్లాట్‌ఫారానికి లిఫ్టు లేదు. ఎనిమిదో అవెన్యూ దాకా నడిచి, 50వ వీధి స్టేషన్‌లో డౌన్‌టౌన్ వైపు వెళ్లే ‘సీ’ రైలు గానీ ‘ఈ’ రైలు గానీ పట్టుకోవాలి. అక్కడ లిఫ్టు ఆ ఒక్క దిక్కుకే ఉంది. పొద్దున ఒక స్టేషన్, సాయంత్రం ఇంకో స్టేషన్. ఈ సంగతి ఆఫర్ సంతకం పెట్టే ముందు తెలిస్తే ఒక లెక్క, చీలమండ విరిగాక తెలిస్తే ఇంకో లెక్క.

జెర్సీ సిటీలో మనవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి నుంచి మన్‌హట్టన్‌కి వెళ్లే పాత్ రైలు గురించి చెప్పాలి. మొత్తం 13 స్టేషన్లు. జర్నల్ స్క్వేర్, గ్రోవ్ స్ట్రీట్, న్యూపోర్ట్, వరల్డ్ ట్రేడ్ సెంటర్, 33వ వీధి, వీటన్నిటికీ లిఫ్టులున్నాయి. మన్‌హట్టన్‌లో క్రిస్టఫర్ స్ట్రీట్, 9, 14, 23 వీధులు, ఈ నాలుగింటికీ లేవు. ఆఫీసు 23వ వీధిలో ఉంటే నేరుగా 33 దాకా వెళ్లిపోయి, ఏడో అవెన్యూలో డౌన్‌టౌన్ వైపు వచ్చే సిటీ బస్సు ఎక్కండి. న్యూయార్క్ సిటీ బస్సులన్నిటికీ ర్యాంపు గానీ లిఫ్టు గానీ ఉంటుంది. డ్రైవర్‌ని అడిగితే బస్సును ఒక పక్కకు వంచి మెట్టు ఎత్తు తగ్గిస్తాడు. ఊతకర్రలతో ఉన్నా అడగొచ్చు, వీల్‌చెయిరే ఉండనక్కర్లేదు. మొహమాటపడేది మనమే. ఇంకో చిన్న మాట: అక్కడ ‘లిఫ్టు ఎక్కడ’ అని అడిగితే తెల్లమొహం వేస్తారు, ‘ఎలివేటర్’ అనాలి.

ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్లకి మెట్రోపార్క్, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్‌టన్ జంక్షన్ మెట్లు లేకుండా రైలెక్కగలిగే స్టేషన్లు. న్యూజెర్సీ రైళ్లు నడిపే ఎన్‌జే ట్రాన్సిట్‌లో అన్ని స్టేషన్లూ అలాంటివి కావు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఏ స్టేషన్ దగ్గరో ఒక్కసారి చూసుకోండి. అద్దె వంద డాలర్లు తక్కువని వెళ్లి తర్వాత ఊబర్‌కి నాలుగు వందలు పోసినవాళ్లు నాకు తెలుసు.

మిగతా ఊళ్లు ఇంత కష్టపెట్టవు. వాషింగ్టన్ మెట్రోలో 98 స్టేషన్లకూ లిఫ్టులున్నాయి. 1976లో మొదలవక ముందే లిఫ్టుల కోసం జనం కోర్టుకెక్కారు కాబట్టి ఉన్నాయి. 2022 నవంబరులో ఆష్‌బర్న్ దాకా సిల్వర్ లైన్ వచ్చాక ఆ వైపు మనవాళ్లకు అది బాగా కలిసొచ్చింది. అక్కడ లిఫ్టు చెడిపోతే స్టేషన్ మేనేజర్‌ని అడగండి, పక్క స్టేషన్ నుంచి షటిల్ ఏర్పాటు చేస్తారు. షికాగోలో సీటీఏ స్టేషన్లన్నిటినీ 2038 నాటికి మార్చాలని 2018లో ప్రణాళిక వేసుకున్నారు. అప్పటిదాకా స్టేషన్ స్టేషన్‌కీ చూసుకోవాల్సిందే. బే ఏరియాలో బార్ట్ 1972లో మొదలైంది మొదలు లిఫ్టులతోనే నడుస్తోంది. అది ఇంజనీర్లకు వాళ్లంతట వాళ్లకు తట్టిన ఆలోచన కాదు. హెరాల్డ్ విల్సన్ అని ఓక్లండ్‌లో కైజర్ సంస్థ ఉద్యోగి, బొగ్గుగని ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీలో తిరిగేవాడు. బార్ట్ ఇంకా కాగితం మీదే ఉన్నప్పుడు, 1960లలో, లిఫ్టులు పెట్టి తీరాలని అధికారుల వెంటపడ్డాడు. ఈరోజు ఫ్రీమాంట్‌లో స్ట్రోలర్ తోసుకుంటూ రైలెక్కే ప్రతి తల్లీ ఆయనకు కాస్త బాకీ. కాల్‌ట్రెయిన్ సంగతి వేరు. ప్లాట్‌ఫారం దాకా చాలా స్టేషన్లలో తేలిగ్గానే వెళ్లొచ్చు గానీ, రైల్లోకి ఎక్కడానికి ఇంకా మెట్టు ఉంది. వీల్‌చెయిర్ వాళ్లను ఎక్కించడానికి సిబ్బంది సాయం కావాలి.

ఇక మనవాళ్లు నోరు విప్పని విషయానికొస్తాను. దారి ఎంత వెతికినా కొన్నాళ్లు ఆఫీసుకు వెళ్లడం కష్టమే. ఆ మాట మేనేజర్‌కి చెబితే ప్రాజెక్టులోంచి తీసేస్తారని, వీసాకి ఇబ్బందని భయం. నేనూ భయపడ్డాను. మూడు రోజులు దేకాక గానీ మెయిల్ రాయలేదు. నిజానికి అదే ఏడీఏ ఉద్యోగాల్లోనూ, 15 మంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి కంపెనీకీ వర్తిస్తుంది. న్యూయార్క్ నగర చట్టానికి నలుగురు చాలు. న్యూజెర్సీ చట్టం ఎందరున్నారని కూడా చూడదు. మీది గ్రీన్ కార్డా, హెచ్-1బీనా అని ఈ చట్టాలు అడగవు. గర్భిణులకు 2023 జూన్ 27 నుంచి విడిగా చట్టం ఉంది. జబ్బేమీ లేకపోయినా, నెలలు నిండుతున్నాయన్నదే కారణంగా పనివేళలు మార్చమని, కూర్చునే పని ఇమ్మని అడగొచ్చు.

కంపెనీ మిమ్మల్ని ఇంటి నుంచి ఆఫీసుకు మోసుకురానక్కర్లేదు. అలా ఆశించి అడిగితే కాదంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అయితే పనివేళలు జరపడం, కొన్ని రోజులు ఇంటి నుంచి పని, ఆఫీసు పక్కన పార్కింగ్, లిఫ్టున్న స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న మరో ఆఫీసులో కూర్చోనివ్వడం, ఇవి అడగదగ్గవి. మన్‌హట్టన్‌లో పనిచేసే, కారు ప్రమాదంలో కాళ్లు దెబ్బతిన్న ఒక లాయరమ్మ ఆఫీసు దగ్గర పార్కింగ్ ఇప్పించమంటే, పనిచేసే సంస్థ అది తన బాధ్యత కాదంది. 1995లో అప్పీలు కోర్టు ఆమె కేసును కొట్టేయడానికి ఒప్పుకోలేదు. పనికి రాగలగడం కూడా పనిలో భాగమేనన్న వాదనకు చోటిచ్చింది.

మెయిల్ నాలుగు వాక్యాలు చాలు. ఏం చేయలేకపోతున్నారు (మెట్లెక్కలేను, పది నిమిషాలకు మించి నిలబడలేను), ఎన్నాళ్లు, ఏం కావాలి, డాక్టరు ఉత్తరం జత చేస్తున్నాను. జబ్బు చరిత్రంతా విప్పకండి. డాక్టర్‌ని కూడా అంతవరకే రాయమనండి. ‘రీజనబుల్ అకామడేషన్’ అన్న మాట పెట్టాలని చట్టంలో లేదు గానీ, అది కనబడితే హెచ్చార్ వాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. టీమ్స్‌లో ఓ ముక్క అనేసి ఊరుకోవద్దు. తేదీ ఉన్న మెయిల్ హెచ్చార్‌కి, కాపీ మేనేజర్‌కి. కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేస్తున్నవాళ్లు ముందు సొంత ఎంప్లాయర్‌కి రాయండి, క్లయింట్‌తో మాట్లాడమని అందులోనే అడగండి. ఇద్దరికీ బాధ్యత ఉంటుంది, ‘మా చేతిలో లేదు’ అని ఒకరి మీదికొకరు తోసుకోవడం కుదరదు. ఏం అడగాలో తోచకపోతే జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ అని కేంద్ర కార్మిక శాఖ నడిపించే సేవ ఉంది, ఉచితంగా సలహా ఇస్తారు.

హెచ్-1బీ వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంటి నుంచి పని ఒప్పుకున్నారు కదా అని డాలస్‌లో ఉన్న అక్కావాళ్లింటికి వెళ్లి మూడు నెలలు కూర్చోవద్దు. ఇల్లు, ఆఫీసు ఒకే మహానగర పరిధిలో ఉంటే, వీసా కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టిన ఎల్‌సీఏ నోటీసు ఇంట్లో అంటించడంతో సరిపోతుంది. పరిధి దాటితే కంపెనీ ముందే వీసా అమెండ్‌మెంట్ వేయాలి. కాలు బాగయ్యేలోపు వీసా విరగ్గొట్టుకోవద్దు. బయల్దేరే ముందు కంపెనీ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టండి.

సెలవే కావాలంటే, చేరి ఏడాది దాటి, గడచిన ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి, చుట్టుపక్కల 75 మైళ్లలో 50 మంది ఉద్యోగులున్న కంపెనీలో ఉంటే, 12 వారాలు జీతం లేకుండా ఉద్యోగం పోకుండా తీసుకోవచ్చు. అమ్మకో నాన్నకో తీవ్రమైన జబ్బు చేసి దగ్గరుండి చూసుకోవాల్సి వచ్చినా ఇదే వర్తిస్తుంది.

రైలు ఎక్కలేనివాళ్లకి ఇంటి ముందుకొచ్చే బండి ఉంది. న్యూయార్క్‌లో యాక్సెస్-ఎ-రైడ్, న్యూజెర్సీలో యాక్సెస్ లింక్. దరఖాస్తు పూర్తిగా ఇచ్చిన 21 రోజుల్లో తేల్చకపోతే, తేల్చేదాకా మీకు అర్హత ఉన్నట్టే లెక్క. కాలు విరిగిన కొద్ది నెలలకు కూడా ఇస్తారు. ముందు రోజే బుక్ చేసుకోవాలి, దారిలో మరో ఇద్దర్ని ఎక్కించుకుంటారు, కాబట్టి తొమ్మిదింటి మీటింగ్ ఉన్న రోజు దాన్ని నమ్ముకోకండి. మన అమ్మానాన్నలు ఆరు నెలల వీసా మీద వస్తారు కదా, వాళ్లకీ దారి ఉంది: నడవలేని పరిస్థితి కళ్లకు కనిపిస్తున్నా, కాగితాలు చూపినా, సందర్శకులకు ఏడాదిలో 21 రోజులు ఈ బండ్లు ఇవ్వాలని నిబంధన. చాలామందికి ఇది తెలియక పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి వాల్‌మార్ట్ ఒక్కటే చూపించి పంపిస్తున్నారు. ఎన్‌జే ట్రాన్సిట్‌లో 62 దాటినవాళ్లకి టికెట్ రాయితీ ఉంది, టికెట్ కొనేముందు అది కూడా అడగండి.

అడిగినా కంపెనీ కాదంటే, కాదన్న రోజును రాసిపెట్టుకోండి. ఉద్యోగాల్లో వివక్షను చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి 180 రోజులే గడువు. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో 300 రోజులు.

నాకు పదింటికి ఆఫీసు, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చారు. అడిగిన రెండో రోజే. ఇప్పుడు కాలు బాగైంది, మళ్లీ మెట్లే ఎక్కుతున్నాను. న్యూయార్క్ సబ్‌వేలో ప్రతి లిఫ్టుకూ ఒక నంబరు ఉంటుంది. పనిచేస్తోందో లేదో సబ్‌వేను నడిపే ఎంటీఏ యాప్‌లో చూసుకోవచ్చు. ఈ సోమవారం మీ దారిలో ఉన్న లిఫ్టుల నంబర్లు ఫోన్లో రాసిపెట్టుకోండి.