కోళ్లకు గట్టి గూడు

మా ఇంట్లో అయిదు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. రాత్రి వాటిని గంపల కింద మూసేదాన్ని. గంప మీద రాయి పెట్టేదాన్ని. మా అమ్మ అలాగే చేసేది. నేనూ అంతే.

ఒక రాత్రి పెద్ద గోల వినిపించింది. టార్చి లైటు పట్టుకుని బయటికి పరుగెత్తాను. గంప బోర్లాపడి ఉంది. వాకిలంతా ఈకలే. బావురుపిల్లి ఒక పెట్టను ఎత్తుకుపోయింది. రెండింటిని కొరికి పడేసింది. అవి గుడ్లు పెట్టే కోళ్లు. గుడ్ల డబ్బు నా చేతి డబ్బు. దానితోనే పిల్లకు పుస్తకాలు కొనేదాన్ని. ఎవరినీ చెయ్యి చాచి అడిగేదాన్ని కాదు.

కోడికి చీకట్లో చూపు సరిగా ఆనదు. పక్కకు పిల్లి వచ్చినా పారిపోలేదు. అందుకే మా అత్త అంది, "గంప పగటికి సరేనమ్మాయ్. రాత్రికి గూడు ఉండాలి."

ఇద్దరం కలిసి కట్టాం.

ముందు కొలత చూసుకున్నాం. ఒక్కో కోడికి ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు చోటయినా కావాలి. పది కోళ్లు పెంచాలని మా ఆశ. గూడు పొడవు 4 అడుగులు, వెడల్పు 3 అడుగులు అనుకున్నాం. నాలుగు మూళ్లు పన్నెండు. పది కోళ్లకు సరిపోతుంది. ఎక్కాలు నేర్చుకున్నాక నేను వేసిన మొదటి లెక్క ఇదే.

వాన నీరు నిలవని మెరక చోటు చూశాం. గూడు పొడవు తూర్పు పడమరలుగా పెట్టాం. అలా పెడితే ఎండ నేరుగా లోపలికి పడదు.

నాలుగు సరుగుడు గుంజలు తెచ్చాం. వెనక గుంజలు ఆరున్నర అడుగులు. ముందువి ఏడు అడుగులు. అప్పుడు కప్పు వెనక్కి వాలుగా ఉంటుంది, వాన నీరు జారిపోతుంది. గుంజలను అడుగున్నర లోతు పాతాం. భూమికి రెండు అడుగుల ఎత్తున వెదురు బద్దలతో నేల కట్టాం. బద్దకూ బద్దకూ మధ్య కొంచెం సందు ఉంచాలి. అప్పుడే పెంట కిందికి రాలుతుంది. మేము మొదట సందు ఎక్కువ వదిలాం. పుంజు కాలు ఇరుక్కుంది. అంతా విప్పి మళ్లీ కట్టాం. సందు వేలు దూరేంత ఉంటే చాలు.

గోడలు కింద సగం వెదురు తడిక. పైన సగం ఇనుప జాలీ. జాలీ కన్నాలు చిన్నవిగా ఉండాలి. కన్నం పెద్దదైతే పిల్లి కాలు దూర్చి కోడిని లాగుతుంది. కప్పుకు తాటాకు కప్పాం. తలుపుకు తాడు కట్టి వదిలేయకండి. గొళ్లెం పెట్టండి. గుంజలకు పాత నూనె డబ్బా రేకు చుట్టాం. ఎలుకలు పైకి ఎక్కలేవు, జారిపోతాయి.

లోపల రెండు కర్రలు అడ్డంగా కట్టాం. కోడికి కర్ర మీద కూర్చుని నిద్రపోవడం ఇష్టం. ఒక మూల పాత బుట్టలో వరిగడ్డి పరిచాం. గుడ్లు అందులోనే పెడతాయి.

చలికి, జల్లుకు గోనెపట్టాలు దించుతాం. కానీ నాలుగు పక్కలా మూసెయ్యకూడదు. పెంట ఘాటుకు కోళ్ల కళ్లు మండుతాయి. జబ్బు చేస్తాయి. కింద పడ్డ పెంటను వారానికోసారి ఊడ్చి గుంటలో వేస్తాను. బాగా మాగాక కూరపాదులకు వేస్తాను. పచ్చి పెంట వేస్తే మొక్క మాడిపోతుంది. గూటికి అప్పుడప్పుడు సున్నం కొడితే పేలు తగ్గుతాయి.

గూడు పిల్లిని ఆపుతుంది. తెగులును ఆపదు. కొక్కెర తెగులు వస్తే గూడంతా ఖాళీ అవుతుంది. కోడి మెడ తిప్పేస్తుంది, పచ్చగా పారుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది. వచ్చాక మందు లేదు. రాకముందే టీకా వేయించాలి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేస్తారు. తరువాతి టీకా ఎప్పుడో పశువుల ఆసుపత్రిలో అడిగి, తేదీ రాసుకోండి. సంతలో కొన్న కోడిని రెండు వారాలు వేరుగా ఉంచండి. నేరుగా గూట్లో వదిలితే దాని జబ్బు అన్నిటికీ అంటుకుంటుంది.

ఇప్పుడు మా గూట్లో తొమ్మిది కోళ్లున్నాయి. పొద్దుగూకగానే అవే ఎక్కుతాయి. నేను లెక్కపెట్టి గొళ్లెం వేస్తాను. అమ్మిన గుడ్ల లెక్క పుస్తకంలో రాస్తాను. ఇదివరకు గోడ మీద బొగ్గు గీతలు గీసేదాన్ని. సున్నం కొడితే లెక్క పోయేది!

మీరు చేయండి:
ఒక అక్క 20 కోళ్లకు గూడు కడుతోంది. గూడు పొడవు 5 అడుగులు. వెడల్పు కనీసం ఎన్ని అడుగులు ఉండాలి? పలక మీద లెక్క వేయండి.
మీ ఇంట్లో కోళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటాయి? రెండు మాటల్లో రాయండి.