వరం ఒకరికి, బాకీ ఎవరికి?

ఏలూరు

చి.సౌ. అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. కొల్లేట్లో చేపల చెరువు పోగొట్టుకున్న కుర్రాడు, అతన్ని ప్రేమించే జలకన్య, చివరికి ఆవిడ వరంతో చెరువూ ఇల్లూ పెళ్లీ అన్నీ అమరిపోవడం. మాటలు బాగా రాశావు. ఆటపాకలో గూడబాతుల మధ్య వాళ్లిద్దరూ కలుసుకునే సీను చాలా బావుంది. చిక్కల్లా ఒక్కచోటే ఉంది. కుర్రాడు చితికిపోయాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు. ఈ రెంటికీ నడుమ అతగాడు చేసిందేమిటి? ఏమీ లేదు. వానొస్తే తడిశాడు, ఎండొస్తే ఆరాడు, అంతే.

పాత్రల దశ తిప్పడమెలాగో చెప్పమన్నావు. పరిషత్తు నాటకాలు రాసి, ఆడించి నేర్చుకున్నదాన్నిబట్టి చెబుతున్నాను, తీరిగ్గా చదువుకో.

మాయలూ మంత్రాలూ ఉన్న ప్రేమకథలో మొదట వదిలించుకోవలసిన భ్రమ ఒకటుంది. మాయే అన్నిటినీ మారుస్తుందనుకుంటాం. మాయ మార్చేది ఆస్తిని. గుడిసె మేడవుతుంది, మేడ మాయమవుతుంది. మనిషి దశ తిరగాలంటే మాత్రం ఎవరో ఒకరు గట్టిగా ఏదో కోరుకోవాలి, దానికి ఎవరో ఒకరు ఖరీదు కట్టాలి. ఇది పట్టుబడితే మిగతాదంతా పనితనమే.

ఈ వారం 'పాతాళ భైరవి' మళ్లీ చూడు. 1951లో విజయా వారు తీసిన సినిమా. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లోంచి పుట్టిన కథ, అల్లావుద్దీన్ దీపం పోలికలూ కనిపిస్తాయి. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో వేశారు. మార్కస్ బార్ట్లే కెమెరా మాయల జోలికి ఈసారి పోకు, వాటికి ఇంకో ఉత్తరం కావాలి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని ప్రతి మలుపులోనూ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి ఏం పోయిందో రాసుకుంటూ చూడు.

తోటరాముడు తోటమాలి కొడుకు. ఉజ్జయిని రాకుమారి ఇందుమతి మీద మనసుపడి దొరికిపోతాడు. రాజు పెట్టిన షరతు గమనించు. శౌర్యం చూపించమనలేదు, గుణం రుజువు చేసుకోమనలేదు. తనంత సంపద తెచ్చుకో, పిల్లనిస్తానన్నాడు. అంటే ఈ కథలో పెళ్లికి అడ్డం ఆస్తి. అందుకే మాయకు చోటు దొరికింది. రాజు వేరే షరతు పెట్టి ఉంటే కోరిందల్లా ఇచ్చే పాతాళ భైరవి బొమ్మతో పనే లేదు. నీ కథలో కుర్రాడికీ జలకన్యకీ అడ్డమేమిటో మొదటి పది పేజీల్లో నాకు కనపడలేదు. అడ్డం ఏమిటో తేలకుండా వరం ఇస్తే, ఆ వరం ఎందుకొచ్చిందో చూసేవాడికి తెలియదు.

ఇక నేపాళ మాంత్రికుడు. పాతాళ భైరవి బొమ్మ దక్కాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి బలివ్వాలి. అందుకని రాముణ్ణి ఆశపెట్టి గుహకు తీసుకెళతాడు. పింగళి వారి చమత్కారం చూడు. ఏ తెగువ రాముణ్ణి రాకుమారి మేడ ఎక్కించిందో ఆ తెగువే బలిపీఠం దాకా నడిపించింది. ప్రేమకు పెట్టుబడి, చావుకు అర్హత రెండూ ఒకటే గుణం. కోనేట్లో మొసలి శాపం తీరి అప్సరసై మాంత్రికుడి ఎత్తు బయటపెట్టాక, రాముడు అతన్నే బలిచ్చి బొమ్మ చేజిక్కించుకుంటాడు. మొదటి మలుపు ఇది. మాయ వచ్చింది నిజమే, కానీ ముందు కత్తి ఎత్తిన చెయ్యి రాముడిది.

బొమ్మ దొరికాక మేడ లేచింది, సంపద వచ్చింది, పెళ్లి ముహూర్తం కుదిరింది. కథ ఇక్కడ అయిపోవచ్చు. అవదు. రాముడికి వచ్చిందంతా ఒక బొమ్మలో ఉంది, ఆ బొమ్మను ఎవరైనా ఎత్తుకుపోవచ్చు! పైకి తెచ్చిన మెట్టులోనే కిందకు తోసే మెట్టు ఉంది. దశ తిప్పడంలో అన్నిటికన్నా గట్టి సూత్రం ఇదే. పతనం బయటినుంచి పిడుగులా పడకూడదు. అంతకుముందు వచ్చిన లాభంలోంచే పుట్టుకు రావాలి.

దొంగిలించింది ఎవరనుకున్నావు? శిష్యుడు సదాజప బతికించిన మాంత్రికుడు స్వయంగా రాడు. రాణిగారి తమ్ముడు సురసేనుడి చేత ఆ పని చేయిస్తాడు. వీడు పిరికివాడు, ఇందుమతి మీద ఆశ పెట్టుకుని భంగపడ్డవాడు. ఆ వేషం వేసింది రేలంగి. మన తాడేపల్లిగూడెంలోనే సొంత సినిమా హాలు కట్టించిన రేలంగి వెంకట్రామయ్య గారు. నవ్వించడానికి పెట్టిన పాత్ర అనుకుని జనం ఏమరుపాటున ఉంటారు, కథకు మూలస్తంభాన్ని అతనే లాగేస్తాడు. హీరోను కూలదోసింది మహా మాంత్రికుడి శక్తి అనుకుంటాం గానీ, దానికి దారి వేసింది ఒక చిన్న మనిషి ఆశాభంగం. నీ కథలో సురసేనుడు లేడమ్ములూ. విలన్ ఉన్నాడు, పెద్ద మీసాలున్నాయి, లారీలున్నాయి. పక్కనే ఉండి, నవ్వుతూ మాట్లాడుతూ, లోపల ఉడుక్కునే మనిషి ఒక్కడూ లేడు.

చివరి మలుపు నాకు మరీ ఇష్టం. మాంత్రికుడి శక్తంతా గడ్డంలో ఉంది. అతనేమో ఇందుమతిని ఒప్పించాలని తహతహలాడుతున్నాడు. రాముడి స్నేహితుడు అంజి సదాజప వేషంలో చేరి, గడ్డం తీస్తే రాకుమారి మెచ్చుతుందని నమ్మిస్తాడు. మాంత్రికుడు గీయించుకుంటాడు! ఎస్వీ రంగారావు గారు ఆ ఘట్టంలో పడే సంబరం ఒకటికి రెండుసార్లు చూడు. అంతసేపూ భయపెట్టిన మనిషి పెళ్లిచూపులకు తయారయ్యే కుర్రాడైపోతాడు. బలితో, మంత్రంతో బతికినవాడు చివరికి ప్రేమలో పడ్డవాడి తెలివితక్కువతనంతో ఓడిపోయాడు. రాముడు, సురసేనుడు, మాంత్రికుడు ముగ్గురూ ఒకే అమ్మాయిని కోరుకున్నారు. ముగ్గురి దశలూ ఆ కోరిక చుట్టూనే తిరిగాయి. బొమ్మ నిమిత్తమాత్రం.

రంగారావు గారు పుట్టిన నూజివీడు ఇప్పుడు మన ఏలూరు జిల్లాలోనే ఉంది. 2019లో గూడెంలో ఆయన కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించింది చిరంజీవి. ఆ చిరంజీవి సినిమానే నీకు రెండో పాఠం.

'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న విడుదలైంది. పెద్ద తుపాను కృష్ణా తీరాన్ని తాకిన రోజు కూడా అదే. దర్శకుడు కె.రాఘవేంద్రరావు, మాటలు మన నరసాపురం జంధ్యాల. టూరిస్టు గైడు రాజు అనాథ పిల్లల్ని సాకుతుంటాడు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి కాలు బాగుచేసే మూలిక కోసం హిమాలయాలకు వెళితే, మానస సరోవరంలో స్నానానికి దిగివచ్చిన ఇంద్రుడి కూతురు ఇంద్రజ ఉంగరం అతనికి దొరుకుతుంది. ఉంగరం లేనిదే ఆమెకు స్వర్గంలో ప్రవేశం లేదు.

'పాతాళ భైరవి'లో మనిషి పైకి ఎక్కుతాడు, ఇక్కడ దేవకన్య కిందికి దిగుతుంది. అక్కడ సంపద సంపాదిస్తే ప్రేమ దక్కుతుంది. ఇక్కడ అమరత్వం వదులుకుంటే దక్కుతుంది. ఇంద్రజ మొదట రాజు చుట్టూ తిరిగేది ఉంగరం కోసమే. ఆ స్వార్థం అలా అలా మెత్తబడి, చివరికి ఆమె స్వర్గాన్నే కాదనుకుని భూమ్మీద ఉండిపోతుంది. ఇందుమతికి అలాంటి అవకాశం తక్కువ. ఆమె చేయగలిగిందల్లా మాంత్రికుడికి తల ఒగ్గకపోవడం. నలభై ఏళ్లలో ఈ తరహా కథ ఎక్కడ ఎదిగిందంటే ఇక్కడే. కథానాయిక ఎవరో గెలుచుకునే బహుమానంగా ఆగిపోకుండా, తన ఖరీదు తానే కట్టే మనిషైంది. నీ జలకన్య ఇప్పటికి వరాలిచ్చే యంత్రంగా ఉంది. ఆమెకేం పోతుందో రాయి.

ఇప్పుడు కొల్లేటికి వద్దాం. నువ్వు పుట్టి పెరిగిన చోటు నీకు మాంత్రికుడికన్నా పెద్ద సాయం చేస్తుంది.

బుడమేరు, తమ్మిలేరు వచ్చి కొల్లేట్లో కలుస్తాయి. ఆ నీళ్లు సముద్రానికి పోవడానికి దారి ఉప్పుటేరు. ఎవరు ఎక్కడ గట్టు పోసినా ఆ నీళ్లు ఇంకెవరి ఊళ్లోకో వెళ్లాల్సిందే. ఒకరి గట్టు ఇంకొకరి ముంపు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ వరద చివరికి కొల్లేరు లంకల మీదికే వచ్చింది. ఒకరికి కలిసొచ్చిందంటే అది ఎవరి దగ్గర తగ్గిందో కళ్లకు కట్టినట్టు కనిపించే చోటు కొల్లేరులాంటిది ఇంకొకటి దొరకదు నీకు.

అక్కడి మనుషుల దశలు మాయ లేకుండానే ఎంత తిరిగాయో చూశావు. వలలూ మావులూ పెట్టుకుని దోనెల మీద బతికిన ఊళ్లలో చేపల చెరువులు వచ్చాయి. లీజులొచ్చాయి, మేడలు లేచాయి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రొక్లెయిన్లు దిగి గట్లు తెగ్గొట్టాయి. నిన్నటి రైతు ఇవాళ కూలి. పక్షుల పక్షాన చూస్తే అదే రోజు వాటికి వరం. రెండు వైపులా న్యాయం ఉంది, అందుకే అది కథ.

అంత పెద్ద సంఘటనలు అక్కర్లేదనుకుంటే ఒక్క రాత్రి చాలు. పగలంతా మబ్బు పట్టి గాలి స్తంభిస్తే మర్నాడు తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. శీలావతులూ బొచ్చెలూ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కాపలావాడు కేకేస్తే ఇంటిల్లిపాదీ పరుగు. ఇంజన్లు వేసి నీళ్లు చిమ్ముతారు, మందు చల్లుతారు. సూర్యుడు పైకొచ్చేలోగా దక్కితే దక్కాయి, లేకపోతే ఏడాది పెట్టుబడి తెల్లగా తేలుతుంది. నీ కుర్రాడు చెరువు పోగొట్టుకున్నాడని ఒక్క మాటలో రాసేశావే, ఈ రాత్రిని పూర్తిగా రాయాలి.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లినప్పుడు గజపతుల నాటి కథ ఒకటి వినే ఉంటావు. కోటను ముట్టడించినవాళ్లు సరస్సు నీళ్లు వదిలేయడానికి కాలువ తవ్వించబోతే, కోటను కాచే సేనాని గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చాడంటారు. ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు నిలిచింది. నిజమెంతో గానీ, గెలుపు తండ్రిది, ఖరీదు కూతురిది. ఆ లెక్క ఇంకా సరిపోలేదు. నీ జలకన్య ఆ పిల్లే ఎందుకు కాకూడదు? అప్పుడామె ఎవరికో వరమివ్వడానికి పుట్టుకొచ్చిన బొమ్మ కాదు, బాకీ రావలసిన మనిషి.

ఇక మలుపు. ఎండాకాలం కొల్లేట్లో నీటిమట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. నీ జలకన్య మంచినీళ్లలోనే బతకగలదని పెట్టు. కుర్రాడి చెరువు గట్టు సరస్సులోకి రావలసిన నీళ్లను ఆపుతోందని పెట్టు. ఇప్పుడు చూడు. ఆమె వరమిచ్చి అతని గట్టు నిలబెట్టినకొద్దీ ఆమె ఊపిరికే ఎసరొస్తుంది. వరం ఎవరికి, బాకీ ఎవరికి అన్నది నీళ్లే చెప్పేస్తాయి. వేరే విలన్ అక్కర్లేదు. లీజు డబ్బుల్లో వాటా దక్కని బావ ఒకడు చాలు, సురసేనుడి పని చెయ్యడానికి.

ఆఖరి సీనులో ఇప్పుడు నువ్వు రాసినట్టు ఆకాశంనుంచి వెలుగు పడి అన్నీ సర్దుకోకూడదు. పార పట్టుకుని గట్టు మీద నిలబడింది కుర్రాడు. 2006లో గట్లు తెంచింది ప్రభుత్వం. ఇక్కడ తెంచితే తనే తెంచాలి. తెంచితే ఆమె బతుకుతుంది, అతను మళ్లీ కూలి. తెంచకపోతే చెరువు దక్కుతుంది, ఆమె దక్కదు. ఏది చేయిస్తావో నీ ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. తేల్చుకునేది మాత్రం అతనే కావాలి.

పని ఇలా మొదలుపెట్టు. నీ సీన్లన్నిటికీ మూడు గడుల పట్టిక గీసుకో. మొదటి గడిలో ఈ సీనులో ఎవరికేం వచ్చింది, రెండో గడిలో ఎవరికేం పోయింది, మూడో గడిలో అది ఎవరి నిర్ణయం వల్ల జరిగింది. రెండో గడి ఖాళీగా ఉంటే మాయ చవకబారుదైపోయిందన్నమాట. మూడో గడి ఖాళీగా ఉంటే సీను తీసేసి మళ్లీ రాయి. ముందు 'పాతాళ భైరవి'కి ఈ పట్టిక వేసి నాకు పంపు, తర్వాత నీదానికి. నీ పట్టికలో మూడో గడి నిండేదాకా హీరోయిన్ వేషం ఎవరు వెయ్యాలి, పాటలెన్ని ఉండాలి అన్న మాటెత్తకు.

అత్త అడిగానని చెప్పమంది. సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు ఇద్దరం కైకలూరు వైపు వెళ్లి ఆ గట్ల మీద తిరిగొద్దాం. కాపలావాళ్లతో మాట్లాడితే నీ బావ పాత్రకు మాటలు వాటంతటవే వస్తాయి.

ఉంటాను.

ఆశీస్సులతో,
మావయ్య