హీటరు ప్రకటనలు - వాట్ల లెక్క

చలికాలము రాగానే గది హీటర్ల ప్రకటనలు పత్రికలలోను, ఫోనులలోను వెల్లువగా వచ్చుచున్నవి. యానాం వారికి వీటితో పని లేదు గాని, షోలాపూరు, బెంగుళూరులలో మార్గశిర పుష్యములందు ముసలివారికి, బాలింతలకు రాత్రివేళ వెచ్చదనము కావలసి యుండును. నూలు చిలప కొనునపుడు మనము పై చీటీని నమ్మి ఊరకుండము; నంబరు చూతుము, పోగు లాగి చూతుము. హీటరుకు నంబరు వంటివి వాట్లు. ఆ అంకె చూచినచో ప్రకటనలోని నిజమెంతో తెలియును.

1. "సగము కరెంటుతో రెట్టింపు వేడి": తీగ కాగి వేడినిచ్చు హీటరు ఏదైనను 1 యూనిటుకు 860 కిలో క్యాలరీల వేడినే ఇచ్చును. సిరామిక్, ఇన్‌ఫ్రారెడ్, నూనె నింపినది - పేర్లు వేరు, వేడి ఒకటే. ఎర్రగా కాలు కడ్డీ ఎదుటివారిని వెంటనే కాచును. ఫ్యానుది గాలిని కాచును. నూనెది నెమ్మదిగా కాగి నెమ్మదిగా చల్లారును. తేడా ఇంతే. వెచ్చచేయు ఏ.సి. మాత్రము బయటి గాలిలోని వేడిని లోనికి తెచ్చును గనుక యూనిటుకు 2, 3 రెట్లు ఇవ్వగలదు. దాని వెలయు ఎక్కువే.

2. "ఇల్లంతయు నిమిషములలో వెచ్చన": ప్లగ్గులో గుచ్చు 400 వాట్ల చిన్న పెట్టె గూర్చి ఈ మాట. పిట్ట కొంచెము, కూత ఘనము! అది దగ్గర కూర్చున్నవారికి చేతులు కాచుకొనుటకు పనికివచ్చును. ఖర్చు తక్కువ యగుట నిజమే. వేడియు అంత తక్కువే. రోజుకు 4 గంటల చొప్పున 30 రోజులకు 400 వాట్లది 48 యూనిట్లు, 1500 వాట్లది 180 యూనిట్లు కాల్చును.

3. "ప్రాణవాయువును తినదు": ఏ కరెంటు హీటరును తినదు. ఇందులో గొప్ప లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రము కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును వదలి ప్రాణము తీయగలదు.

4. "గాలిని ఆరనీయదు": గాలి 10 డిగ్రీలు వేడెక్కినచో దాని తేమ శాతము ఇంచుమించు సగమగును. ఆరిన నూలు బలము తగ్గి పడుగు పోగులు తెగునని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కనుక మగ్గపు గదిలో హీటరు వద్దు.

కొన్నచో ఐ.ఎస్.ఐ. గుర్తు, వాట్ల అంకె చూడవలెను. 1500, 2000 వాట్ల వాటికి 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండవలెను. నూలు, పట్టు, దుప్పట్లు కనీసము 3 అడుగుల దూరమున నుంచి, నిద్రించుటకు ముందు ఆపివేయవలెను.

ప్రకటన నమ్మి మోసపోయినవారు దాని నకలును, బిల్లును దాచి 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. తప్పుదారి పట్టించు ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టము జరిమానా విధించుచున్నది.

అభ్యాసము: 1000 వాట్ల హీటరు రోజుకు 3 గంటలు వాడినచో 30 రోజులకు ఎన్ని యూనిట్లు? (జవాబు: 90.) దీనిని మీ ఊరి యూనిటు ధరతో హెచ్చవేసి, ఆ మొత్తము చూచిన పిమ్మట దుకాణమునకు వెళ్లుడు.