నేలతాడి: ఎండు అడవిలో తేమ కోరే మొక్క

హైదరాబాద్ శివార్లలోని నాదర్‌గుల్ పరిసరాల ఎర్ర చెలకల్లో నీరు ఎక్కువ కాలం నిలవదు. హైదరాబాద్ ఏడాది వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో అధికభాగం జూన్-సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. కాబట్టి నీడ, తేమ కోరే నేలతాడి (కర్కులిగో ఆర్కియాయిడిస్, కుటుంబం హైపాక్సిడేసీ) తెలంగాణలో బతకదనుకోవడం తేలిక. కానీ నల్లమల ఆకురాల్చే అడవుల్లో చెట్ల కింద అది నిక్షేపంగా పెరుగుతోంది. దానికి తేమ కావలసింది ఏడాది పొడవునా కాదు, పెరిగే నాలుగు నెలలే. తొలకరికి మడతల ఆకులు వేసి, నేలను ఆనుకుని పసుపు పూలు పూస్తుంది. వేసవిలో ఆకులు ఎండిపోయినా నిలువుగా దిగిన దుంప మట్టిలో సజీవంగా ఉంటుంది.

అలాగైతే ఖాళీ ప్లాటులో నీళ్లు పోసి పెంచవచ్చు కదా అనవచ్చు. నీళ్లతో తేమ వస్తుంది గానీ, రాలిన ఆకులు కుళ్లి ఏర్పడే గుల్ల మట్టి రాదు. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది కూడా. నేలతాడి పేరు ఆయుర్వేదంలోనూ వినిపిస్తుంది. అక్కడొక మెలిక ఉంది: నల్ల ముసలి అంటే ఇదే, తెల్ల ముసలి మాత్రం క్లోరోఫైటమ్, వేరే కుటుంబానిది.