స్టూడెంట్ నర్సు మీ పేషెంటుతో ఎందుకు మాట్లాడుతుంది?

మానసిక వైద్య వార్డులో స్టూడెంట్ నర్సు మీవారి మంచం పక్కన చాలాసేపు కూర్చోవడం మీరు చూసే ఉంటారు. "ఇంజెక్షను లేదు, సెలైను లేదు, ఊరికే కబుర్లు" అని కొందరు అనుకుంటారు. అవి కబుర్లు కావు. ఆమె నేర్చుకుంటున్న పనే అది.

జి.ఎన్.ఎం. కోర్సు మూడేళ్లు. అందులో రెండో సంవత్సరం మానసిక ఆరోగ్య నర్సింగ్ ఒక పాఠ్యాంశం. పుస్తకంతో పాటు వార్డులో కూడా ఆమె నేర్చుకోవలసినవి ఇవి:

1. వినడం: "గోడలోంచి ఎవరో తిడుతున్నారు" అని పేషెంటు అంటే నవ్వకూడదు, వాదించకూడదు, "నాకూ వినబడుతోంది" అనకూడదు. "నాకు వినబడడం లేదు. మీకు భయంగా ఉందని మాత్రం అర్థమైంది" అనాలి. మీరూ ఇంట్లో ఇలాగే మాట్లాడవచ్చు.

2. గమనించడం: నిద్ర, తిండి, స్నానం ఎలా ఉన్నాయి? మాత్ర మింగారా, నోట్లో దాచుకున్నారా? మందుల వల్ల చేతులు వణుకుతున్నాయా, మెడ బిగుసుకుపోతోందా?

3. అడగడం: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడం నేర్పుతాము. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. అడిగితేనే లోపలి బాధ బయటికి వస్తుంది.

4. గౌరవించడం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. రోగి విషయాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం ఆమె వెంటనే వార్డు సిస్టరుకు, డాక్టరుకు చెబుతుంది.

మీరు చేయవలసింది

పెళ్లి సంబంధాలు చెడిపోతాయని, నలుగురూ ఏమనుకుంటారోనని చాలామంది నిజం దాస్తారు. మాత్రలు ఎప్పుడు మానేశారు, మద్యం అలవాటుందా, ఫిట్స్ వచ్చాయా, నాటుమందు వాడారా, ఇంతకుముందు ప్రాణం తీసుకోబోయారా, అన్నీ చెప్పండి. మీరు దాచిన ఒక్క మాట వల్ల చికిత్స దారి తప్పవచ్చు.

మీ ఇంట్లో నర్సింగ్ చదివే అమ్మాయి ఈ విభాగాన్ని కోరుకుంటే "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా!" అని ఆపకండి. రిజిస్టర్డ్ నర్సు అయ్యాక ఇందులో ఒక సంవత్సరం డిప్లొమా ఉంది. బి.యస్సీ. నర్సింగ్ చేసినవారికి ఎం.యస్సీ. ఉంది. రేపు ఎవరింటి బిడ్డకో ధైర్యం చెప్పే మనిషి ఆమే కావచ్చు.

ఇంటికి వెళ్లాక సలహా కావాలంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఇది ఉచితం. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే పేషెంటును ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.