వేలిముద్ర వేసే ముందు

ప్రశ్న: కరోనా రోజుల్లో మా ఆయన చేపల వేటకెళ్లి గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకుపోయారు. అప్పటి భయాల మీద పరిశోధనట, ఎవరో వచ్చి ఆయన్ని మాట్లాడమంటున్నారు. వేలిముద్ర కూడా వేయాలట. ఒప్పుకోవచ్చా?
– ఓ గృహిణి, డొంకూరు

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా, వేలిముద్ర మాత్రం ఆఖర్న. 2020 లాక్‌డౌన్‌లో వారాల తరబడి బోట్లలోనే గడిపినవాళ్లు ఆ భయాన్ని ఎలా తట్టుకున్నారో వాళ్లు చెబితేనే తెలుస్తుంది.

ముందు తెలుగులో రాసిన సమాచార పత్రం అడగండి. చదవడం రాకపోతే, వాళ్ల మనిషి కాని సాక్షి ఎదుట చదివించుకోండి. ఏ సంస్థ, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతి, పేరు గోప్యంగా ఎలా ఉంచుతారు, అన్నీ అందులో ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మీ ఆయన మధ్యలోనైనా మానేయొచ్చు. మానేశారని వైద్యమో మరోటో ఆపకూడదు. ముద్ర కాగితం మీద సిరాతోనే వేయాలి. బయోమెట్రిక్ యంత్రం తీసినా, ఓటీపీ అడిగినా పంపించేయండి.

కిడ్నీ జబ్బు పేరిట మీ వైపు ఉద్దానంలో ఏళ్లుగా రక్త నమూనాలు తీస్తూనే ఉన్నారు కదా, ఇదీ అలాగే సాగిపోకుండా ‘ఫలితం మాకెప్పుడు చెబుతారు?’ అని ముందే అడగండి. నీళ్లు నమిలితే నేనైతే ఒప్పుకోను.

పాతవన్నీ తవ్వుకున్నాక ఆయనకు నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.