రికాలెసెన్స్ : పదనిష్పత్తి, అర్థనిర్ణయము

విశాఖపట్టణమునందలి ఉక్కు కర్మాగారము 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైనది. ఇట్టి కర్మాగారముల లోహశాస్త్ర వ్యవహారమునందు మాత్రమే వినవచ్చు విరళపదములలో 'రికాలెసెన్స్' ఒకటి. ఎఱ్ఱగా కాలిన ఉక్కుతీగ చల్లారుచు, వన్నె తగ్గుచు వచ్చి, ఒకానొక దశయందు వెలుపలి వేడిమి యేమియు తగులకయే మరల వెలుగుట ఈ పదమునకు ప్రసిద్ధార్థము. దీనిని తెనుగున 'పునర్దీప్తి' యనవచ్చునా, లేక తాపవాచకమైన వేఱొక పదమును కూర్పవలెనా యనునది ఇచట విచార్యము.

1869లో జార్జి గోర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు, చల్లారుచు కుంచించుకొనిపోవు ఇనుపతీగ నడుమ హఠాత్తుగా సాగుటను గుర్తించెను. 1873లో విలియం ఫ్లెచర్ బారెట్ ఆ దశయందే తీగ మరల ప్రకాశించుటను గమనించి ఈ పేరు పెట్టెను. బారెట్ పూర్వము జాన్ టిండాల్ కడ సహాయకుడు. టిండాల్ కంటికి గోచరింపని తాపకిరణములను కేంద్రీకరించి ప్లాటినపు రేకును వెలిగించి, ఆ విశేషమునకు 'కాలొరెసెన్స్' అని పేరిడెను. రెండు పదములును వినుటకు సమీపములే గాని అర్థములు భిన్నములు. మొదటిదానియందు ఉక్కులోని తాపమే వెలికివచ్చును. రెండవదానియందు వెలుపలి అదృశ్యకిరణము దృశ్యకాంతిగా పరిణమించును.

ఇక వ్యుత్పత్తి. లాటినునందు 'కలేరె' యనగా వేడిగా నుండుట. 'కలేస్కెరె' యనగా వేడియగుట. 'రె' యను ఉపసర్గ పునరర్థకము. కావున పదశరీరమునందు తాపమే కలదు, కాంతి లేదు. నడుమనున్న 'స్క్' ప్రత్యయము ఆరంభార్థకము. సంస్కృతమునందలి 'చ్ఛ' దీనికి సజాతీయము. అడుగుట యను అర్థమున లాటినునందలి 'పోస్కెరె', సంస్కృతమునందలి 'పృచ్ఛతి' ఏకమూలములగుట ఇందులకు నిదర్శనము. అయినను 'గచ్ఛతి' యనగా పోవ నారంభించుచున్నాడని అర్థము రాదు. పాణిని (7-3-77) గమ్యాదులకు ఛకారమును ఆదేశముగా మాత్రమే విధించెను. దానికి అర్థవిశేషమును చెప్పలేదు. సంస్కృతమున ఆ అర్థమును మోయునది చ్వి ప్రత్యయము (5-4-50). అభూతతద్భావమున, అనగా ముందు అట్లు లేనిది అట్లగుటయందు, అది వచ్చును. దానిచే 'ఉష్ణీభావము' సిద్ధించును.

ఇచట నొక యాక్షేపము కలదు. ఆ దశయందు ఉక్కు దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ వేడితో నుండును గదా, ఉష్ణమైనదానికి ఉష్ణీభావ మెట్లు? సమాధానమిది. తీగ కోల్పోయిన తాపాంశమే ఇచట వివక్షితము. తొలగిపోయిన ఆ యంశము మరల కలుగుటచే అభూతత్వము చెడదు. పునశ్శబ్దము చేర్చుటయు అందులకే.

కారణమును విచారించినను ఇదియే సమంజసము. చల్లారు ఉక్కు 727 డిగ్రీల క్రిందికి దిగినపుడు అందలి ఆస్టినైటు, ఫెర్రైటు సిమెంటైటులుగా విడివడి పెర్లైటు అను పొరల కూర్పుగా మాఱును. ఆ మార్పున గుప్తతాపము వెలువడి ఉష్ణోగ్రతను పెంచును. కాంతి దాని లింగమేగాని స్వరూపము గాదు. కర్బనము 0.8 శాతమునకు సమీపమున నున్న ఉక్కున ఇది మిక్కిలి స్ఫుటము. ఈ భేదము వ్యర్థచర్చ గాదు. పదును పెట్టువాడు ఉక్కును ఈ మార్పునకు పూర్వమే నీటనో నూనెలోనో ముంచవలెను. అది దాటిన పిదప ముంచినచో కాఠిన్యము రాదు. మెఱుపును మాత్రమే పదార్థముగా గ్రహించిన విద్యార్థికి ఆ హేతువు స్ఫురింపదు.

మఱియు 'పునర్దీప్తి'కి అవ్యాప్తి దోషము కలదు. సున్న డిగ్రీలకంటె దిగువకు చల్లబడియు గడ్డకట్టని నీరు హఠాత్తుగా గడ్డకట్టునపుడు దాని ఉష్ణోగ్రత సున్నకు పెరుగును. దానిని సైతము శాస్త్రజ్ఞులు రికాలెసెన్స్ అనియే వ్యవహరింతురు. అచట దీప్తి లేశమును లేదు.

కావున రికాలెసెన్స్‌నకు 'పునరుష్ణీభావము' అనియు, కాలొరెసెన్స్‌నకు 'తాపదీప్తి' యనియు గ్రహించుట యుక్తము. కన్ను చూచినదానిని గాక ధాతువు చెప్పినదానిని అనుసరించిన పారిభాషికమే శాస్త్రమునకు నిలుచును.